కౌంటీ సూపర్‌వైజర్ పంపే న్యూస్‌లెటర్‌ని ఎలా చదవాలి? ఇంటి వెనక హియరింగ్ బోర్డు పాతితే ఏం చేయాలి?

మీ ప్రశ్న చదవగానే పద్దెనిమిదేళ్ళ క్రితం నేనే గుర్తొచ్చాను. మీరు అడిగింది ఇది: వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో, ఆష్‌బర్న్‌లో ఆరు నెలల క్రితం ఇల్లు కొన్నారు. మీ కౌంటీ సూపర్‌వైజర్, అంటే మీ ప్రాంతం నుంచి కౌంటీ బోర్డుకి ఎన్నికైన ప్రతినిధి, ఆఫీసు నుంచి నెలనెలా పొడవాటి ఈమెయిల్ వస్తోంది. రోడ్లు, టాక్సులు, డేటా సెంటర్లు, లైబ్రరీ అంటూ ఏవేవో ఉంటాయి, అర్థం కాక డిలీట్ చేసేస్తున్నారు. ఇప్పుడు ఇంటి వెనక ఖాళీ స్థలంలో పబ్లిక్ హియరింగ్ (నిర్ణయానికి ముందు జనం మాట వినే సమావేశం) అని బోర్డు పాతారు. మీది హెచ్1 వీసా, ఓటు లేదు. ఈ ఈమెయిళ్ళు పట్టించుకోవాలా, మీరు చేయగలిగింది ఏమైనా ఉందా అని.

రెండింటికీ జవాబు అవును అనే. కాస్త పొడుగ్గానే చెప్తాను. ఎందుకంటే మన వాళ్ళు ఇక్కడ ఇంత మంది ఉండి కూడా ఈ విషయంలో ఎప్పుడూ ఆలస్యంగానే మేలుకుంటున్నాం. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ముందు ఆ ఈమెయిల్ పంపేది ఎవరో తెలియాలి. ఆష్‌బర్న్‌కి మేయర్ లేరు. చాలా మందికి ఇది నమ్మబుద్ధి కాదు కానీ, ఆష్‌బర్న్ అసలు చట్టప్రకారం ఊరే కాదు, పోస్టల్ అడ్రస్ మాత్రమే. లౌడన్‌లో సొంత కౌన్సిల్, మేయర్ ఉన్న టౌన్లు ఏడే: లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, మిడిల్‌బర్గ్, లవెట్స్‌విల్, హామిల్టన్, హిల్స్‌బరో, రౌండ్ హిల్. మిగతా వాళ్ళందరికీ స్థానిక ప్రభుత్వం అంటే కౌంటీ ఒక్కటే. ఆ కౌంటీని నడిపేది బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. మొత్తం తొమ్మిది మంది. ఎనిమిది మంది ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి గెలుస్తారు, ఛైర్‌ని కౌంటీ అంతా కలిసి ఎన్నుకుంటుంది. పదవీకాలం నాలుగేళ్ళు. పోయిన ఎన్నికలు 2023 నవంబర్‌లో అయ్యాయి, మళ్ళీ 2027లో.

మన దగ్గరి లెక్కలో చెప్పాలంటే సూపర్‌వైజర్ కొంచెం జడ్పీటీసీ సభ్యుడిలాంటి వాడు, కానీ చేతిలో ఉన్న అధికారం చాలా ఎక్కువ. మీ ఇంటి పన్ను రేటు పెట్టేది వాళ్ళే. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో తేల్చేది వాళ్ళే. స్కూళ్ళకు ఎంత డబ్బు ఇవ్వాలో చెప్పేదీ వాళ్ళే. మన కలెక్టర్‌ని రాష్ట్ర ప్రభుత్వం వేస్తుంది, ఇక్కడ కౌంటీ అడ్మినిస్ట్రేటర్‌ని ఈ బోర్డే ఉద్యోగంలోకి తీసుకుంటుంది. అంటే ఆఫీసర్లు బోర్డు మాట వినాల్సిందే. బోర్డు మీ మాట వినాలి. ఆ రెండో దారిలో మీకు కనబడే మొదటి గుమ్మం ఆ న్యూస్‌లెటర్.

అయితే దాన్ని పేపర్ చదివినట్టు చదివితే ఉపయోగం లేదు. అది రాజకీయ నాయకుడు రాసేది కాబట్టి రిబ్బన్ కటింగ్ ఫొటోలు, తాను చేసిన మంచి పనులు ముందు ఉంటాయి. అందులో తప్పు లేదు. మీరు మాత్రం క్రియాపదాలు, తేదీలు చూడండి. నేను ప్రింట్ తీసి హైలైటర్‌తో ఆ రెండే గీసుకునేదాన్ని. ఇప్పుడు ఫోన్‌లోనే చూసేస్తున్నాను.

"బోర్డు స్టాఫ్‌ని ఆదేశించింది" అని ఉంటే ఇంకా ఏమీ జరగలేదని అర్థం. ఎవరో ఒక సభ్యుడు విషయం లేవనెత్తాడు, ఆఫీసర్లు చదివి రిపోర్ట్ తెస్తారు. నెలలు పడుతుంది. మీ మాట చెప్పడానికి అన్నిటికంటే మంచి సమయం ఇదే, ఎందుకంటే ఇంకా ఎవరూ ఒక వైపు నిలబడలేదు. "కమిటీకి పంపారు" అంటే ఫైనాన్స్ కమిటీనో, రవాణా-భూ వినియోగ కమిటీనో కొద్దిమంది సభ్యులు కూర్చుని వివరాలు తేలుస్తారు. అసలు బేరాలు అక్కడే జరుగుతాయి, జనం మాత్రం వెళ్ళరు. "పబ్లిక్ హియరింగ్ ఫలానా తేదీ" అంటే తలుపు ఇంకా తెరిచే ఉంది కానీ మూసే వేళ దగ్గరపడింది. "కన్సెంట్ అజెండాలో ఆమోదించారు" అంటే చర్చ లేకుండా ఒకే ఓటుతో పదీ పన్నెండు అంశాలు దాటిపోయాయి. "ఆమోదించింది" అని ఉంటే ఇక మీ కోపం వాట్సాప్ గ్రూపులో వెళ్ళగక్కుకోవడానికే.

మన వాళ్ళకు ఎక్కువగా ఆ చివరి మాటే కంటపడుతుంది.

ఇంకో సంగతి, ఏది ఎవరి చేతిలో ఉందో తెలియకపోతే సగం శక్తి తప్పు గుమ్మం దగ్గర ఖర్చవుతుంది. వర్జీనియాలో కౌంటీకి రాష్ట్రం ఇచ్చిన అధికారాలే ఉంటాయి, ఇవ్వనివి ఉండవు. దీన్ని డిల్లన్ రూల్ అంటారు. సూపర్‌వైజర్ "మా చేతిలో లేదు" అన్న ప్రతిసారీ తప్పించుకుంటున్నాడని అనుకోకండి, చాలాసార్లు నిజంగానే లేదు. రోడ్లే చూడండి. 1932లో వచ్చిన బర్డ్ రోడ్ చట్టం నుంచి వర్జీనియా కౌంటీల్లో రోడ్లన్నీ రాష్ట్రం చూసుకుంటుంది. ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలు మాత్రమే తమవి తాము చూసుకుంటాయి. కాబట్టి మీ వీధిలో గుంత పడితే సూపర్‌వైజర్‌కి రాయడం కంటే వీడాట్‌కి, అంటే రాష్ట్ర రవాణా శాఖకి కంప్లైంట్ పెట్టడం త్వరగా పనవుతుంది. పొటోమాక్ నది దాటి మేరీల్యాండ్ వెళ్తే లెక్క వేరు, అక్కడ కౌంటీ రోడ్లు కౌంటీవే. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ గారు అక్కడి మాంట్గొమరీ కౌంటీ రవాణా శాఖలో ఇంజనీర్‌గా పాతికేళ్ళ పాటు పనిచేశారు, ఆ ఉద్యోగంలో ఉండగానే ఆ రాష్ట్ర అసెంబ్లీకి ఎన్నికయ్యారు, 2023 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. రోడ్డు మలుపులు, పిల్లలు నడిచే బాటలు చూసే కౌంటీ ఉద్యోగం నుంచి అంత దూరం వెళ్ళారు. స్థానిక విషయాలు చిన్నవి అనుకునే వాళ్ళకి నేను ఆవిడ గురించే చెప్తాను.

కొత్త కాలనీల్లో ఇంకో చిక్కుంది. బిల్డర్ వీధులు వేసి, రాష్ట్రం పరీక్షించి స్వీకరించేదాకా అవి బిల్డర్ బాధ్యతే. మేం కొత్తగా దిగిన ఏడాది జనవరిలో మోకాలి లోతు మంచు పడింది. పక్క వీధి దాకా మంచు తీసే బండి వచ్చి, సరిగ్గా మా మలుపు దగ్గర బ్లేడు ఎత్తి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మా వీధి వాళ్ళందరం సూపర్‌వైజర్ ఆఫీసుకి ఫోన్లు చేసి అరిచాం. అక్కడి సహాయకురాలు ఓపిగ్గా చెప్పింది, "మీ వీధి ఇంకా రాష్ట్రానికి అప్పగించలేదండి, బిల్డర్ కట్టిన బాండ్ కౌంటీ దగ్గర ఉంది, నేను వాళ్ళతో మాట్లాడతాను" అని. మర్నాటికి బిల్డర్ మనిషి బాబ్‌క్యాట్, అంటే మంచు తోసే చిన్న బండి, వేసుకుని వచ్చాడు. బాండ్ అంటే పని పూర్తి చేస్తానని బిల్డర్ కట్టే హామీ. ఆ ఒక్క మాట ఏం చేయగలదో ఆరోజు తెలిసింది. మీ వీధి అప్పగింత అయిందో లేదో ఇప్పుడే కనుక్కోండి, చలికాలం వచ్చాక కాదు.

టోల్ విషయం కూడా ఇలాంటిదే. డల్లెస్ గ్రీన్‌వే ప్రైవేట్ రోడ్డు, 1995లో తెరిచారు. టోల్ ఎంతుండాలో తేల్చేది రాష్ట్ర కార్పొరేషన్ కమిషన్ అనే నియంత్రణ సంస్థ, కౌంటీ కాదు. రద్దీ వేళల్లో టోల్‌ని 5.80 డాలర్ల నుంచి 8.10కి పెంచమని కంపెనీ అడిగితే, 2024లో కమిషన్ ఒప్పుకోలేదు. హై టెన్షన్ కరెంటు లైన్లదీ అదే కథ. డేటా సెంటర్లకు కరెంటు తీసుకెళ్ళే ఆస్పెన్-గోల్డెన్ లైన్‌ని మన కౌంటీలోని లాన్స్‌డౌన్ దగ్గర భూమి లోపల వేయమని అక్కడి జనం, కౌంటీ ఎంతగానో అడిగారు. కమిషన్ మాత్రం 2025లో స్తంభాల మీదే వేయడానికి అనుమతిచ్చింది. న్యూస్‌లెటర్‌లో "కమిషన్ ముందు కౌంటీ తన వాదన వినిపించింది" అని ఉంటే మీరు ఉత్తరం రాయాల్సింది కమిషన్‌కి, కేసు నంబర్ వేసి.

ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకి వెళ్ళాలో చెప్పే స్కూల్ బౌండరీలు స్కూల్ బోర్డువి. దానికి వేరే ఎన్నికలు, వేరే సభ్యులు. వాళ్ళకు పన్ను వేసే అధికారం లేదు కాబట్టి డబ్బు మాత్రం సూపర్‌వైజర్ల దగ్గరికే వచ్చి అడగాలి.

ఇక టాక్స్. నెలనెలా మార్ట్‌గేజ్‌లో కలిసి ఎస్క్రోలోంచి, అంటే లోన్ కంపెనీ పన్ను కోసం పక్కన పెట్టే ఖాతాలోంచి, పోతుంది కాబట్టి మన వాళ్ళు దీన్ని చూడనే చూడరు. 2024లో ఇక్కడ రేటు ప్రతి వంద డాలర్ల విలువకు 86.5 సెంట్లు. 2025లో దాన్ని 80.5 సెంట్లకు తగ్గించారు. న్యూస్‌లెటర్‌లో "పన్ను తగ్గించాం" అని పెద్ద అక్షరాలతో వస్తుంది, అది నిజమే. కానీ మీ బిల్లు రెండు అంకెల గుణకారం: రేటు ఒకటి, జనవరి 1 నాటికి మీ ఇంటికి కౌంటీ కట్టిన విలువ ఇంకొకటి. ఉదాహరణకి 2024లో మీ ఇంటి విలువ 7,60,000 డాలర్లు అనుకుందాం, పన్ను 6,574 డాలర్లు. మరుసటి ఏడాది విలువ 8,10,000కి పెంచి రేటు తగ్గిస్తే 6,520 అవుతుంది. రేటు ఆరు సెంట్లు తగ్గింది, మీకు మిగిలింది యాభై నాలుగు డాలర్లు. విలువ ఇంకొంచెం పెరిగి ఉంటే బిల్లు పెరిగేది కూడా.

అందుకే జనవరిలో ఆ విలువ చెప్పే అసెస్‌మెంట్ నోటీస్ వచ్చినప్పుడు కవరు చింపి చూడండి. పడకగదులు, బేస్‌మెంట్ వివరాలు తప్పుగా ఉంటాయి ఒక్కోసారి. మా చుట్టాల ఇంటికి, పూర్తి చేయని బేస్‌మెంట్‌ని పూర్తయినట్టు రాసి మూడేళ్ళు పన్ను కట్టించుకున్నారు. నోటీస్ మీదే అప్పీల్ గడువు ఉంటుంది, అది దాటితే దారి కష్టమవుతుంది. పన్ను రెండు వాయిదాల్లో కట్టాలి, జూన్ 5, డిసెంబర్ 5. బడ్జెట్ ఏడాది జూలై 1న మొదలవుతుంది. కాబట్టి "2029 ఆర్థిక సంవత్సరంలో మీ ఏరియాకి లైబ్రరీ" అని న్యూస్‌లెటర్‌లో ఉంటే, దానికి డబ్బు వచ్చేదే 2028 జూలై తర్వాత అని. అప్పటినుంచి డిజైన్, తర్వాత కట్టడం. ఇల్లు కొనేముందు ఏజెంట్ "ఇక్కడ పార్క్ వస్తోంది" అంటే ఏ ఆర్థిక సంవత్సరం అని అడగండి. బడ్జెట్ ఫిబ్రవరిలో బయటికి వస్తుంది, ఏప్రిల్ మొదట్లో ఆమోదిస్తారు. మధ్యలో ఉన్న ఆ ఆరేడు వారాలే మాట్లాడే సమయం.

ఇప్పుడు మీ ఇంటి వెనక బోర్డు దగ్గరికి వద్దాం. నేను ఇంతసేపు రాసింది అసలు దీని కోసమే.

ఈ కౌంటీ జనాభా 2000లో లక్షా డెబ్బై వేలకు కొంచెం తక్కువ, 2020 జనగణనలో 4,20,959. ఇరవై ఏళ్ళలో రెండున్నర రెట్లు. ఆ పక్కనే ప్రపంచంలో మరెక్కడా లేనన్ని డేటా సెంటర్లు ఆష్‌బర్న్ చుట్టూ వచ్చాయి. వాటి వల్లే మన రేటు తగ్గుతోందన్నది నిజం. వాటి కూలింగ్ యంత్రాల హోరు రాత్రిపూట పడకగదిలోకి వస్తోందన్నదీ నిజం. రెండూ ఒప్పుకునే మాట్లాడాలి. ఒక్కటే పట్టుకుని వెళ్తే బోర్డు ముందు మన మాట తేలిపోతుంది.

బోర్డు పాతారంటే ఆ స్థలం విషయంలో ఇంకా నిర్ణయం కాలేదు. దానికి సంతోషించండి. ఒకప్పుడు మా కాలనీ వెనక చెట్లు కొట్టేస్తుంటే రెండు వందల సంతకాలు సేకరించి ఒక రాత్రి లీస్‌బర్గ్‌లో కౌంటీ ఆఫీసుకి వెళ్ళాం. ఆఫీసర్ కాగితాలు తీసుకుని, "ఇది బై-రైట్ అండి, హియరింగ్ ఉండదు" అన్నాడు. అంటే ఆ జోన్‌లో అలాంటి కట్టడం కట్టుకునే హక్కు యజమానికి ముందే ఉంది, ఎవరి ఓటూ అక్కర్లేదు, సైట్ ప్లాన్ రూల్స్ ప్రకారం ఉంటే చాలు. ఆ జోన్ నియమాలు రాసేటప్పుడు హియరింగ్ జరిగింది, న్యూస్‌లెటర్‌లో కూడా వచ్చింది. పాత ఈమెయిళ్ళలో వెతికితే దొరికింది, నేను తెరవను కూడా లేదు. కారులో ఇంటికి వచ్చేదాకా ఎవరం మాట్లాడుకోలేదు.

డేటా సెంటర్ల విషయంలో ఆ పరిస్థితి 2025 మార్చిలో మారింది. బై-రైట్ తీసేసి, కొత్తవి ఏవైనా హియరింగ్‌కి, బోర్డు ఓటుకి రావాలని బోర్డు నిర్ణయించింది. అప్పటికే అర్జీ పెట్టుకున్న కొన్నింటికి మినహాయింపు ఉంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, మీ వెనక వచ్చేది ఏమిటి, ఏ రకం అర్జీ.

మీ ఇంటి వెనక పాతిన బోర్డు మీద అర్జీ నంబర్ ఉంటుంది. ఫొటో తీసుకోండి. లోలా అని కౌంటీ వెబ్‌సైట్‌లో భూమి అర్జీల పేజీ ఉంది, అక్కడ ఆ నంబర్ కొడితే ప్లాన్లు, ట్రాఫిక్ స్టడీ, ఆఫీసర్లు రాసిన అభ్యంతరాలు అన్నీ కనబడతాయి. ఆ అభ్యంతరాల కాగితం చదవండి, ప్లాన్ల కంటే ముందు. మీరు కనిపెట్టాల్సిన లోపాలు సగం అక్కడే నిపుణులు రాసి పెట్టి ఉంటారు. మీరు వాటిని పట్టుకుని "ఫలానా పేజీలో మీ స్టాఫే ఇలా రాశారు" అంటే దాని బరువు వేరు.

నాకు ఉత్తరం రాలేదే అని మీకు అనిపించొచ్చు. చట్టం ప్రకారం పక్క స్థలాల యజమానులకు హియరింగ్‌కి కనీసం ఐదు రోజుల ముందు నోటీస్ పంపాలి. ఐదే రోజులు! పైగా మీ కంచెకీ ఆ స్థలానికీ మధ్య పదిహేను అడుగుల పచ్చిక ఉందనుకోండి, అది హెచ్‌ఓఏది, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానిది. చట్టం దృష్టిలో పక్క యజమాని మీరు కాదు, హెచ్‌ఓఏ. ఉత్తరం మేనేజ్‌మెంట్ కంపెనీ బల్ల మీద పడి ఉంటుంది. ఇవాళే హెచ్‌ఓఏకి రాసి, ఆ నోటీస్ వచ్చిందా, ఏం జవాబిచ్చారు అని అడగండి. అద్దెకి ఉండేవాళ్ళకైతే ఉత్తరమే రాదు.

ఈ నోటీసుల సంగతి ఎంత దూరం వెళ్తుందో పక్కనున్న ప్రిన్స్ విలియం కౌంటీలో చూశాం. డిజిటల్ గేట్‌వే అని రెండు వేల ఎకరాలకు పైగా స్థలాన్ని డేటా సెంటర్లకు మార్చడానికి 2023 డిసెంబర్‌లో హియరింగ్ పెడితే ఇరవై నాలుగు గంటలు దాటి నడిచింది, తర్వాత బోర్డు ఒప్పుకుంది. 2025 ఆగస్టులో సర్క్యూట్ కోర్టు ఆ నిర్ణయం చెల్లదంది. కారణం, హియరింగ్ ప్రకటనలు చట్టం చెప్పినట్టు ఇవ్వలేదని. కేసు అప్పీల్‌కి వెళ్ళింది. రాత్రంతా మేలుకుని మాట్లాడిన వందల మంది చేయలేనిది, పేపర్ ప్రకటన తేదీలు లెక్కపెట్టిన వాళ్ళు చేయగలిగారు.

ఓటు సంగతి. హియరింగ్‌లో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్1, హెచ్4, గ్రీన్ కార్డ్ ఎవరైనా మాట్లాడొచ్చు, ఈమెయిల్ రాయొచ్చు, సూపర్‌వైజర్‌ని కలవొచ్చు. మీరు ఇక్కడ పన్ను కట్టే ఇంటి యజమాని. అది చాలు. చేయకూడనివి రెండున్నాయి, ఇవి చాలా జాగ్రత్త. ఒకటి, ఏ అభ్యర్థికీ ఒక్క డాలర్ విరాళం ఇవ్వకండి. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా అది ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, కౌంటీ ఎన్నికలకు కూడా. మన అసోసియేషన్ల విందుల్లో ఎవరో లింక్ పంపితే మొహమాటపడొద్దు. రెండు, డీఎంవీలో లైసెన్స్ తీసుకునేటప్పుడు స్క్రీన్ మీద ఓటరు రిజిస్ట్రేషన్ అడుగుతుంది, పొరపాటున కూడా అవును అని నొక్కకండి. పౌరులు కాని వాళ్ళు ఓటరుగా నమోదైతే ఇమిగ్రేషన్ కేసే దెబ్బతింటుంది. అమ్మానాన్నలకు గ్రీన్ కార్డ్ ఉంటే వాళ్ళకీ ఇది నేర్పండి.

ఈమెయిల్ ఎలా రాయాలంటే, సబ్జెక్ట్‌లో అర్జీ నంబర్, మొదటి వాక్యంలో మీ వీధి పేరు, రెండో వాక్యంలో మీకేం కావాలో. వద్దు అని మాత్రమే రాయకండి. "మా కంచె వైపు మట్టి గట్టు ఎత్తు పెంచి ఏడాది పొడవునా ఆకులుండే చెట్లు వేయించండి, జనరేటర్లు అటువైపు పెట్టించండి, వాటి పరీక్షలు సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటిపూటే చేయమనండి" అని రాయండి. రీజోనింగ్‌లో, అంటే స్థలం జోన్ మార్చే అర్జీలో, బిల్డర్ రాతపూర్వకంగా ఒప్పుకునే వాటిని ప్రాఫర్లు అంటారు. ఒకసారి ఆమోదమైతే స్థలం చేతులు మారినా అవి వదలవు. మీ మాట ప్రాఫర్‌లోకి ఎక్కితే అది మీ గెలుపు. ఒకే మెసేజ్‌ని నాలుగు వందల మంది కాపీ చేసి పంపితే మాత్రం ఆఫీసు వాళ్ళు దాన్ని ఒక్క ఉత్తరంగానే చూస్తారు. నలుగురు సొంతంగా రాయడం మేలు. మీరు రాసింది పబ్లిక్ రికార్డ్ అవుతుంది, ఎవరైనా అడిగి చదవొచ్చు, కాబట్టి పిల్లల స్కూలు, వీసా వివరాలు అందులో పెట్టకండి.

సూపర్‌వైజర్‌కి సహాయకులుంటారు. వాళ్ళకి ఫోన్ చేసి, ఈ అర్జీ చూస్తున్న ప్రాజెక్ట్ మేనేజర్ ఎవరు, ప్లానింగ్ కమిషన్ ఎప్పుడు వింటుంది అని అడగండి. ముందు ప్లానింగ్ కమిషన్ విని సిఫారసు చేస్తుంది, తర్వాత బోర్డు విని ఓటేస్తుంది. మార్పులు సులువుగా జరిగేది ప్లానింగ్ కమిషన్ దగ్గర. బోర్డు దాకా వచ్చేసరికి బిల్డర్ లాయర్ అందరితో మాట్లాడేసి ఉంటాడు.

మాట్లాడే రోజు ఎలా ఉంటుందో చెప్తాను, టెన్షన్ తగ్గుతుంది. లీస్‌బర్గ్‌లో హారిసన్ వీధిలో కౌంటీ భవనం, కిందే బోర్డు రూమ్. పేరు ముందే ఇవ్వొచ్చు, అక్కడైనా రాసుకుంటారు. పిలిచినప్పుడు మైక్ దగ్గరికి వెళ్తే ఎదురుగా గడియారం, రెండు మూడు నిమిషాలే. నాకు మొదటిసారి కాగితం పట్టుకున్న చెయ్యి వణికి, మైక్‌లో కాగితం చప్పుడే వినబడింది. బాగా మాట్లాడాల్సిన పనిలేదు. నేను చూసిన వాటిలో బాగా పనిచేసిన మాట మా వీధిలో ఒక ఆవిడది. గుంటూరు నుంచి వచ్చారు, ఇంగ్లీషు అంతంత మాత్రం. మా వెనక గోడౌన్‌కి తెల్లవారుజామున లారీలు వచ్చి వెనక్కి వెళ్ళేటప్పుడు కూ కూ మని అరుస్తాయి. ఆవిడ పాలు కాచుకునే వేళకి లేస్తారు కదా, పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే చిన్న నోటుబుక్కులోనే ఇరవై ఏడు రోజులు రాశారు: తేదీ, టైము, ఎన్ని లారీలు. అదే కంపెనీ విస్తరణ కోసం హియరింగ్‌కి వస్తే, ఆవిడ మైక్ ముందు నిలబడి ఆ నోటుబుక్కు చదివారు, అంతే. "4.40, మూడు లారీలు. 4.55, రెండు." సమయం అయిపోయింది. ఛైర్ ఆపి, ఆ పుస్తకం కాపీ తీసుకోవచ్చా అని అడిగారు. ఉదయం ఆరుకి ముందు లోడింగ్ ఉండకూడదని షరతు పెట్టి ఒప్పుకున్నారు.

కాబట్టి ఈ వారం మీరు చేయాల్సింది: బోర్డు ఫొటో, లోలాలో నంబర్, హెచ్‌ఓఏకి ఈమెయిల్, సూపర్‌వైజర్ ఆఫీసుకి ఒక ఫోన్. తర్వాత మీ ఇన్‌బాక్స్‌లో ట్రాష్ ఫోల్డర్ తెరిచి పాత న్యూస్‌లెటర్లలో మీ రోడ్డు పేరు వెతకండి. ముప్పై రోజుల్లోపు డిలీట్ చేసినవి ఇంకా అక్కడే ఉంటాయి. అర్జీ నంబర్ దొరికాక ఇక్కడ పెడితే, స్టాఫ్ రిపోర్ట్ నేనూ చదివి ఏ పేజీలు ముఖ్యమో చెప్తాను.